లాభం ఊచ

"ముక్కలు ఇక్కడున్నాయి, ఆవపిండి అక్కడుంది. మధ్యలో మీ మగాళ్ల రోషం అడ్డంగా పడుకుంది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అంది ఖాసింబీ.

హాలు నిండా పాత దుప్పట్లు, దుప్పట్ల నిండా మామిడికాయ ముక్కలు. కాలు పెట్టే చోటు లేక లాల్ అహ్మద్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

పదేళ్లుగా ఆ రెండిళ్ల ఆవకాయ ఒకటే. కాయలు, కారం, పప్పునూనె ఖాసింబీవి. ఆవపిండి, ఉప్పు, కలిపే చెయ్యి ఎదురింటి ఛాయాదేవివి. కలిపిన రోజే రెండిళ్లకూ జాడీలు నిండేవి. ఆ పొత్తుకు కాగితం లేదు, సంతకం లేదు. మొగుళ్ల పొత్తుకు రెండూ ఉన్నాయి. పైగా బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద 'తిరుపతి–లాల్ స్ట్రక్చరల్ కన్సల్టెంట్స్' అని బోర్డు కూడా వేలాడుతోంది. తీరా చూస్తే కాగితం ఉన్న పొత్తే ముందు బీటలిచ్చింది.

"సాయంత్రం దాటితే ముక్క వడిలిపోతుంది," అంది ఖాసింబీ మళ్లీ. "వడిలిన ముక్కతో ఆవకాయ పెడితే ఏడాదంతా మెత్తటి ముక్క నములుతూ కూర్చోవాలి. ఎదురింటి వదిన నిన్నటి నుంచి కిటికీ తలుపు తియ్యలేదు."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"నేనడిగిన మాటే నన్నడుగుతారేం? బేరాలు చేసి చేసి మీకు ఇదొక రోగం పట్టుకుంది."

ఓ మూల కూర్చుని గుడ్డతో ముక్కలు తుడుస్తున్న కూతురు సబీహా తలెత్తకుండానే అంది: "నేనన్నదాంట్లో తప్పేముంది నాన్నా? ఆయన అడిగారు, ఉన్నమాట చెప్పాను."

"ఉన్నమాటే. తప్పని ఎవరన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. అదే కదా నా బాధ. నువ్వు మోగని ఫోను ఎత్తి 'హలో' అన్నావు!"

ఖాసింబీ నవ్వు ఆపుకోవడానికి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాల్ అహ్మద్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆ 'హలో' ఎంత ఖరీదైనదో ఆయనకు నిన్నటి నుంచీ తెలిసివస్తోంది.

జరిగింది ఇంతే. వెంకటసుబ్బారావు చల్లపల్లిలో కల్యాణమండపం కట్టిస్తున్నాడు. రేపు శ్లాబు. నిన్న ఆయన సైటులో కింద నిలబడి ఉండగా, సెంట్రింగు మీద నుంచి మేస్త్రి "లాభం వేశారా?" అని కేక పెట్టాడు. "వేశాం!" అని నలుగురు ఒక్క గొంతుతో పలికారు. వెంకటసుబ్బారావు అప్పటికప్పుడు కారెక్కి బెంజ్ సర్కిల్ వచ్చి, ఆఫీసు నిండా జనం ఉండగా నిలదీశాడు: "మీ లాభం తెచ్చి నా దూలాల్లో పెట్టడమేంటండీ?"

ఆఫీసులో అందరూ ఒక ఇనుప ఊచను అలా పిలుస్తారు. లెక్క ప్రకారం దూలంలో ఎన్ని ఊచలు పడాలో అన్నీ పడ్డాక, ఛాయాదేవి మొగుడు తిరుపతిరావు ఇంకొకటి వేయిస్తాడు. అదే లాభం ఊచ. కానీ ఇంజనీరు తిరుపతిరావు అయినా, ఇనుము అమ్మేది లాల్ అహ్మద్. "ఒకాయన రాస్తాడు, ఒకాయన అమ్ముతాడు. డాక్టరు గది పక్కనే మందుల కొట్టు" అని ఊళ్లో ఎప్పటి నుంచో వేళాకోళం ఉంది. నవ్వుతూ అన్న మాటకు నష్టం లేదు. నవ్వకుండా అన్నవాడు ఇన్నేళ్లలో వెంకటసుబ్బారావు ఒక్కడే.

అప్పుడు సబీహా కాగితం తీసింది. నిరుడే ఇంజనీరింగు పూర్తిచేసి ఆఫీసులో చేరిన పిల్ల. "మీరు చెప్పిన బరువుకు ఆ ఊచ అక్కర్లేదండీ. అది లేకపోయినా దూలం నిలుస్తుంది" అంది.

తిరుపతిరావు భాగస్వామి వైపు చూశాడు. సబీహా తండ్రి వైపు చూసింది. ఆ రెండు చూపులూ వచ్చి తగిలింది ఒక్క మనిషికే. ఆ మనిషి ఫోను ఎత్తాడు.

తిరుపతిరావు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "ఇక నేనీ మెట్లెక్కను" అని దిగి వెళ్లిపోయాడు. ఆయన సంతకం లేకుండా రేపు శ్లాబు పడదు. ఇవాళ మధ్యాహ్నం లోపల జవాబు చెప్పకపోతే వేరే ఇంజనీరును పెట్టుకుంటాననీ, లాభం ఊచ సంగతి కృష్ణాజిల్లా అంతా చెబుతాననీ వెంకటసుబ్బారావు కబురు పెట్టాడు.

"బేరంలో నోరు మూసుకున్నవాడిదే పైచెయ్యి అనేవారుగా," అంది ఖాసింబీ. "ఇప్పుడు చూడండి, అటు స్నేహితుడూ లేడు, ఇటు కూతురూ లేదు. మూసుకున్న నోరొక్కటే మిగిలింది. వెళ్లి ఆవపిండి పట్టుకురండి."

"నేనా?"

"మీరే. పిండి పేరు చెప్పి వెళ్తే పరువు పోదు."

*

ఎదురింటి తలుపు ఛాయాదేవి తీసింది. ముందు మొహం ముడుచుకుంది. తర్వాత ఆయన చేతిలో ఖాళీ స్టీలు డబ్బా చూసి తమాయించుకుంది.

"పిండి కోసమా అన్నయ్యగారూ?"

"మీ వదిన పంపిందమ్మా."

"పిండి కావలసినంత ఇస్తాను. దాంతోపాటు పెరట్లో ఉన్న ఆ మనిషిని కూడా పట్టుకుపోండి. నిన్న ఆఫీసు మానేసిన దగ్గర నుంచి నా ప్రాణం తీస్తున్నారు. బీరపాదుకు నాలుగు కర్రలు పాతమన్నాను. వెళ్లి చూడండి ఏం చేశారో."

లాల్ అహ్మద్ పెరట్లోకి వెళ్లి చూశాడు. బీరపాదు జానెడు లేదు. దాని చుట్టూ నాలుగు ఇనుప పైపులు నేలలో దిగి, పైన అడ్డూ నిలువూ కమ్మీలు బిగిసి ఉన్నాయి. తిరుపతిరావు స్టూలెక్కి, పట్టకారుతో తీగ మెలిపెడుతున్నాడు.

"దీనికీ లాభం వేశావా బావా?" అన్నాడు లాల్ అహ్మద్.

అనకుండా ఉండాల్సిన మాట. పట్టకారు ఠంగుమని పైపు మీద పడింది.

"వచ్చావా? ఫోను మాట్లాడటం అయిందా?"

"బావా..."

"ఎవరు చేశారు ఫోను? ముఖ్యమైన మనిషే అయ్యుంటాడు. నన్ను దొంగ అంటుంటే కూడా పెట్టెయ్యలేనంత ముఖ్యమైన మనిషి."

"నిన్నెవరూ దొంగ అనలేదు."

"నిజమే. నిన్నన్నాడు. ఇనుము నీది కదా. నీకు పడాల్సిన దెబ్బ నాకు తగిలింది, నువ్వు మాత్రం హలో అన్నావు."

లాల్ అహ్మద్ తిరగేసి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. "అక్కడ నేను నీ వైపు మాట్లాడితే పిల్ల చదువు దండగని పదిమందిలో చెప్పినట్టు. పిల్ల వైపు మాట్లాడితే పదేళ్లుగా మనం అక్కర్లేని ఇనుము అమ్మామని ఒప్పుకున్నట్టు. ఎటు తూచినా నష్టమే. నువ్వయితే ఏం చేసేవాడివి?"

"ఆ ఊచ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాణ్ని. నీకు తెలియదా? అది పుట్టిందే నీ నోటి నుంచి!"

అది నిజం.

తొంభైలో తుఫాను వచ్చిపోయాక డెల్టాలో పెంకులు, రేకులు ఎగిరిపోయినవాళ్లంతా శ్లాబు ఇల్లు కావాలని పరుగులు పెట్టారు. గవర్నమెంటు ఉద్యోగం వదిలేసి వచ్చిన తిరుపతిరావుకు మొదటి పని పామర్రులో ఒక రైసుమిల్లు. అప్పు ఇచ్చి మరీ ఇనుము దింపినవాడు లాల్ అహ్మద్. ఊచలు మోసిన చేతులన్నీ అప్పటిదాకా ధాన్యం కొలిచిన చేతులు. కళ్లంలో కుంచం పట్టినవాడు మొదటి కొలతను 'ఒకటి' అనడు. 'లాభం' అంటాడు, ఆ తర్వాతది 'రెండు'. దూలంలో మొదటి ఊచ పరిచి వాళ్లు అలవాటుగా "లాభం" అన్నారు. పక్కన లెక్క చూస్తున్న లాల్ అహ్మద్ బెజవాడలో పుట్టి ఇనుములో పెరిగినవాడు. అదేదో దండం పెట్టుకునే మాట కాబోలనుకుని, రెండో ఊచకు "ఒకటి" అని మొదలుపెట్టాడు. మోసినవాడి గొంతు కన్నా సరుకిచ్చినవాడి గొంతు పెద్దది కాబట్టి ఆ లెక్కే నిలిచింది. మిల్లులో ప్రతి దూలానికీ ఒక ఊచ ఎక్కువ పడింది.

తిరుపతిరావు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. విషయం తెలిశాక పడీపడీ నవ్వి, ఉండనిమ్మన్నాడు. మిల్లు యజమాని పైఅంతస్తు గుమాస్తాలు కూర్చోవడానికి అని చెప్పాడు. కోతలయ్యాక వెళ్లి చూస్తే అక్కడ గుమాస్తాలు లేరు, కప్పు దాకా ధాన్యం బస్తాలున్నాయి. దూలం చెక్కుచెదరలేదు.

"ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది," అన్నాడు తిరుపతిరావు స్టూలు దిగుతూ. "మనవాళ్లు ఇంజనీరుకు ఒకటి చెబుతారు, కట్టాక ఇంకోటి చేస్తారు. గన్నవరం గోడౌను గుర్తుందా? పైన ఏమీ లేదు, ఎండబెట్టుకోవడానికే అన్నాడు. తర్వాత చూస్తే కరాటే క్లాసు! నలభైమంది పిల్లలు ఒక్కసారి 'హా' అని ఎగురుతున్నారు. వాళ్లు చెప్పినదానికి లెక్క. చెప్పనిదానికి లాభం. అంతే బావా నా శాస్త్రం."

"ఈ ముక్క సబీహాకు ఎప్పుడైనా చెప్పావా?"

"నువ్వు కన్న పిల్ల. నువ్వు చెప్పలేదేం?"

గోడ అవతల ఎవరో రిక్షావాడు బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

"పన్నెండేళ్ల పిల్లప్పుడు నా స్కేలు ఎత్తుకెళ్లి బొమ్మకు ఇల్లు కట్టింది," అన్నాడు తిరుపతిరావు నెమ్మదిగా. "దాన్ని ఇంజనీరింగుకు పంపమని నీతో పోట్లాడింది నేను. అది నన్ను పదిమందిలో..."

"నిన్ను అనలేదు బావా. ఊచను అంది."

"ఊచా నేనూ వేరా?"

ఛాయాదేవి డబ్బా నిండా ఆవపిండి పోసి తెచ్చింది. లాల్ అహ్మద్ చేతికివ్వలేదు, మొగుడి చేతిలో పెట్టింది. "బరువుగా ఉంది. అన్నయ్యగారికి నడుం నొప్పి. మీరు పట్టుకెళ్లండి. నేను ఉప్పు తీసుకుని వెనకే వస్తాను."

"నేను రాను."

"ఆఫీసుకు రమ్మన్నానా? ఆవకాయకు రమ్మన్నాను. మీ లాభనష్టాలు మీరు చూసుకోండి. నా ఏడాది పచ్చడి పాడైతే మాత్రం ఊరుకోను."

*

తిరుపతిరావు డబ్బా పట్టుకుని లాల్ అహ్మద్ ఇంటి గడప దాటాడో లేదో, వీధిలో కారు ఆగింది. వెంకటసుబ్బారావు దిగాడు. ఆఫీసుకు వెళ్తే తాళం ఉందట. అందుకని ఇంటికే వచ్చేశాడు.

"ఏమండీ, తేల్చారా?" అన్నాడు నిలబడే.

తిరుపతిరావు మొహం ఎర్రబడింది. సబీహా నోరు తెరవబోయింది. ఈసారి ఫోను అందుబాటులో లేదు కాబట్టి లాల్ అహ్మద్ మాట్లాడక తప్పలేదు.

"తేల్చేద్దాం వెంకటసుబ్బారావుగారూ. ఎండనపడి వచ్చారు, ముందు కూర్చోండి. అమ్మాయ్, మజ్జిగ తీసుకురా."

ముప్ఫై ఏళ్లు కొట్టు మీద కూర్చున్నవాడికి ఒక సంగతి బాగా తెలుసు. కొనేవాడు తనకేం కావాలో అడిగితే చెప్పడు. గొప్పలు చెప్పుకునే వీలు ఇస్తే మాత్రం తనంతట తనే చెప్పేస్తాడు.

"మండపం చూశానండీ మొన్న," అన్నాడు. "చల్లపల్లిలో అంత హాలు లేదు. కానీ ఒక్కటే లోటు కనిపించింది నాకు."

"లోటా? ఏంటది?"

"పెళ్లివారు ఎక్కడ దిగుతారు పాపం? ముహూర్తం ఏ తెల్లవారుజామునో అయితే, పిల్లాజెల్లాతో ఎక్కడ పడుకుంటారు? పామర్రు మండపంవాళ్లయితే పైన గదులు వేశారట."

వెంకటసుబ్బారావు గ్లాసు కింద పెట్టాడు. "పామర్రువాళ్లవి గదులా అండీ? అగ్గిపెట్టెలు! నేను వేయించబోయేవి చూద్దురుగాని. అన్నీ బాత్‌రూముతో సహా. ఆడపెళ్లివారికి ఒక అంతస్తు, మగపెళ్లివారికి ఒక అంతస్తు. వాళ్లు వీళ్లకు ఎదురుపడక్కర్లేదు."

"భలే ఆలోచన! నీళ్లకు ఇబ్బంది కాదూ?"

"వాటిపైన పెద్ద ట్యాంకు కడతానుగా!"

ఛాయాదేవి ఉప్పు గిన్నెతో గుమ్మంలో ఆగిపోయింది.

"రెండంతస్తులా అండీ?" అంది సబీహా. "మాకు హాలు ఒక్కటే అని చెప్పారు. పైన ఏమీ రాదన్నారు."

"అది... ప్లానులో అలా పెట్టామమ్మా, పని తొందరగా అవుతుందని. అయినా పైన కట్టేది రెండేళ్ల తర్వాత కదా."

సబీహా దుప్పటి కింద పరిచిన పేపరు అంచు చింపి, చెవి వెనక ఉన్న పెన్సిలు తీసింది. తిరుపతిరావు ఆవపిండి డబ్బా పక్కన పెట్టి, ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "గోడలు తొమ్మిదంగుళాలవి వేసుకో," అన్నాడు గొణుగుతున్నట్టు. "ట్యాంకు నిండా నీళ్లున్నాయనుకో." "వేశాను మావయ్యా." ఇద్దరి తలలూ దగ్గరికి వచ్చాయి.

"వెంకటసుబ్బారావుగారూ," అంది సబీహా చివరికి. "ఆ లాభం ఊచ అక్కర్లేదన్నాను. తప్పు చెప్పాను."

తిరుపతిరావు మీసం మీదికి వెలుగు వచ్చింది. ఒక్క క్షణమే నిలిచింది.

"అది అక్కర్లేకపోవడం కాదు, చాలదు. ఆ దూలాలు కప్పు మోయడానికి కట్టినవి. గదులు, గోడలు, ట్యాంకు వాటి మీద పెడితే కింద భోజనాలు చేస్తున్నవాళ్ల మీదికి దిగుతాయి. పునాదులు కూడా ఒక అంతస్తు ఓర్చుకుంటాయేమో చూడాలి. రెండు మాత్రం కుదరవు."

వెంకటసుబ్బారావు తిరుపతిరావు వైపు తిరిగాడు. "పిల్ల ఏదో అంటోంది. మీరు చెప్పండి."

తిరుపతిరావు ఆ పేపరు ముక్క కేసి చాలాసేపు చూశాడు. "పిల్ల కాదండీ, మా ఇంజనీరు. ఆవిడ చెప్పిందే నా మాట. రేపు శ్లాబు పడదు."

"అయ్యో! అయితే..." వెంకటసుబ్బారావు లేచి నిలబడి, చెమట తుడుచుకుని, గొంతు తగ్గించాడు. "ఇంకో రెండు మూడు లాభాలు వేయించండి మరి! నేనేమన్నా కాదన్నానా?"

ముందు ఖాసింబీ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. చివరికి ఆయన కూడా. దూలాలు విప్పి మళ్లీ కడతారనీ, పైన ఎంత లేపాలో సబీహా చెప్పాకే లేపాలనీ ఒప్పుకుని, వెళ్తూ వెళ్తూ ఓ సీసా ఆవకాయ కూడా మాట తీసుకుని కారెక్కాడు.

*

ఛాయాదేవి చెంగు దోపుకుని కలపడానికి కూర్చుంది. ఎర్రటి కారంలో పచ్చటి పిండి, ఆ పైన నూనె ధార. ఇల్లంతా ఘాటు. ఖాసింబీ వేడన్నం తెచ్చి, కొత్త ఆవకాయ కలిపి అందరి చేతుల్లోనూ ముద్దలు పెట్టింది.

తిరుపతిరావు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏం బావా, ఉప్పు సరిపోలేదా?" అన్నాడు లాల్ అహ్మద్.

"లాభం చాలలేదు బావా." ఆయన నవ్వలేదు. "ఒక్క ఊచ వేసి, చెప్పని బరువంతా అదే మోస్తుందిలే అని ఇన్నేళ్లు హాయిగా నిద్రపోయాను. పామర్రు మిల్లులో సరిపోయింది కదా అని అన్నిచోట్లా సరిపోతుందనుకున్నాను. అది శాస్త్రం కాదు, మొక్కుబడి."

"మావయ్యా, మీ అనుమానం సరైనదే," అంది సబీహా. "మనుషులు అబద్ధం చెబుతారన్నది నాకు తట్టలేదు, మీకు తట్టింది. కాకపోతే అబద్ధానికో కొలత ఉండదు కదా. ఒకడిది కరాటే క్లాసు, ఒకడిది రెండంతస్తులు. అడిగి రాబట్టాలి, నాన్న ఇప్పుడు రాబట్టినట్టు. ఆ తర్వాతే లెక్క."

"మరి ఇప్పటిదాకా కట్టినవి?"

"వెళ్లి చూద్దాం. ఒక్కోటీ."

తిరుపతిరావు ఆ పిల్ల మొహంలోకి చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం అయ్యాక అన్నాడు: "తలుపులు నేను కొడతాను. కబుర్లు మీ నాన్న చెబుతాడు. లెక్క నువ్వు వెయ్యి. రేపటి నుంచే."

"రేపటిదాకా ఎందుకు? ఇంకా పొద్దుంది. దగ్గర్లో ఉన్నదానితో మొదలుపెడదాం."

"దగ్గర్లోది అంటే మన ఆఫీసు బిల్డింగే! నేనే గీశాను. పైన ఖాళీ డాబా. చూసేదేముంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. శుభమా అని మొదటిది మనదే అవుతుంది."

లాల్ అహ్మద్‌కు పొలమారింది. ఖాసింబీ నెత్తి మీద తట్టింది, నీళ్లిచ్చింది.

కిందటి వానాకాలం ఆయన గోడౌనులోకి నీళ్లొచ్చాయి. తాత్కాలికంగా, నాలుగు రోజుల కోసమని, ఓ ఆదివారం కూలీలను పెట్టి సెంట్రింగు రేకులూ, తీగ చుట్టలూ ఆఫీసు డాబా మీదికి ఎక్కించాడు. నీళ్లు తీశాక ఆ గోడౌనులోకి కొత్త సరుకు వచ్చింది. డాబా మీది సరుకు అక్కడే ఉండిపోయింది. తర్వాత చోటు కలిసొచ్చింది కదా అని, ఇంకో రెండు ఆదివారాలు కూడా ఎక్కించాడు. ఆ డాబా కిందనే తిరుపతిరావు బల్ల. దాని పక్కనే సబీహా కుర్చీ.

"ఇప్పుడేం వెళ్తారర్రా, ఎండ మండిపోతుంటే," అన్నాడు. "చల్లబడ్డాక చూద్దాం. రేపు చూద్దాం. అసలు దూరంవి ముందు చూసుకుంటే మంచిదేమో."

ఛాయాదేవి కలిపే చెయ్యి ఆగింది. తిరుపతిరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇందాక వెంకటసుబ్బారావుకు మజ్జిగ ఇప్పించి మాటలు రాబట్టిన మనిషి వైపు ఇప్పుడు అందరూ చూస్తున్నారు.

సబీహా చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"డాబా తాళంచెవి ఇవ్వు నాన్నా," అని అరచెయ్యి చాపింది.